తల పైన తాడు, చేతి దగ్గర ఇనుము

క్యాంపుల పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, టార్పాలిన్‌కి ముడి వెయ్యాలా, క్లిప్పు పెట్టాలా?" ఫోన్‌లో ఒక వీడియో చూస్తే ముడులు రానివాడు అడవికి పోనే కూడదంటాడు. ఇంకొకటి చూస్తే ముడులకు కాలం చెల్లిందంటాడు, మెరిసే స్టీలు సామాను చూపిస్తాడు. ఇద్దరూ నమ్మకంగానే చెప్తారు. ఇద్దరి వెనకా వాతావరణం బాగానే ఉంటుంది.

నా ఉద్యోగమంతా టార్పాలిన్లు కట్టడంలోనే గడిచింది. సూరత్ నుంచి స్కూలు పిల్లల్నీ, కాలేజీ వాళ్ళనీ డాంగ్ అడవులకు తీసుకెళ్ళే ఒక చిన్న క్యాంపు సంస్థలో పని చేశాను. సూరత్‌లో టార్పాలిన్‌ని తాడ్‌పత్రి అంటారు. మా నాన్న మగ్గాల పనికి సిరిసిల్ల వైపు నుంచి కొత్తగా వచ్చినప్పుడు, సేఠ్ "తాడ్‌పత్రి తీసుకురా" అంటే అనంతపురం జిల్లా తాడిపత్రికి పొమ్మంటున్నాడేమోనని బిత్తరపోయాడట. ఆయన కూతురికి ఆ తాడ్‌పత్రే అన్నం పెట్టింది.

సంస్థలో ఎవరు నన్ను ఎప్పుడు పై ఉద్యోగంలో పెట్టారో ఇక్కడ రాయను. అది ఎవరికీ పనికిరాదు. ముడికీ ఇనుముకీ మధ్య ఎలా ఎంచుకోవాలో నాకు నేర్పిన సంగతులు మాత్రం రాస్తాను.

వంటకి వెళ్ళి తాళ్ళలో పడ్డాను

నేను సంస్థలో చేరింది వంటమనిషిగా. మొదటి వానాకాలం క్యాంపులోనే వంటపాక మీది టార్పాలిన్ అంటుకుంది. గాలి తిరిగి, పొయ్యి నిప్పురవ్వలు ప్లాస్టిక్ మీద పడ్డాయి. ఒక అంచున చిన్న మంట. కిందికి లాగి తొక్కేస్తే ఆరిపోయేంత చిన్నది.

లాగడానికి వస్తే గదా. కట్టినవాళ్ళు ముడి మీద ముడి వేసి వదిలారు. రాత్రంతా వానకి తాడు నాని, బిగుసుకుని, ప్రతి మూలా పీటముడి అయి కూర్చుంది. ఇద్దరు ట్రైనర్లు గోళ్ళు విరిగేలా పీకుతున్నారు. ఒక్కటీ కదలలేదు. నేను కూరగాయలు కోసే కత్తితో తాళ్ళు తెంపుతూ పోయాను. టార్పాలిన్ పప్పు గుండిగలో పడింది. మంట ఆరింది, పప్పు పోయింది, ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ రోజు పిల్లలు అటుకులు తిని పడుకున్నారు. నేను మాత్రం తెగిన తాడు ముక్కలు ముందేసుకుని కూర్చున్నాను. ముడి గట్టిగా ఉండాలని అందరూ చెప్తారు. అవసరమైనప్పుడు ఒక్క లాగుకి ఊడాలని ఎవరూ చెప్పరు. ఊడని ముడి సగం పనే చేసినట్టు. ఆ సెలవుల్లో సూరత్ మార్కెట్లో చీరల పార్సిళ్ళు లారీలకెక్కించే హమాలీల దగ్గర నిలబడి వాళ్ళ చేతులు చూశాను. తాడు మధ్యలో ఒక మెలిక వేసి, చివరను కింది కొక్కెంలోంచి తెచ్చి ఆ మెలికలో దూర్చి లాగుతారు. మనిషి బలం రెట్టింపైనట్టు తాడు వీణ తీగలా బిగుస్తుంది. చివర మడిచి దోపుతారు గనుక పట్టి లాగితే మొత్తం విడిపోతుంది. మేం దాన్ని లారీ ముడి అనేవాళ్ళం. దానితో పాటు ఎంత బరువు పడ్డా బిగుసుకోని ఉచ్చు ఒకటి నేర్చుకుంటే నూటికి తొంభై పనులకు చాలు. ముప్పై రకాల ముడులు వచ్చని చెప్పేవాణ్ణి నేను పనిలో పెట్టుకోను. వానలో, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు రెండే గుర్తుంటాయి.

హస్ముఖ్‌భాయ్, ఇనుప పిచ్చి

మా యజమాని హస్ముఖ్‌భాయ్. సూరత్‌లోనే అడాజన్ పేటలో ఇల్లు, ఊరి చివర సచిన్ అనే చోట సామాన్ల గోదాము. మంచి మనిషి, కానీ కొత్త వస్తువు కనిపిస్తే చిన్నపిల్లాడు. ఒక ఏడాది ఎక్కడో ప్రదర్శనకు వెళ్ళి సంచి నిండా ఇనుప సామాను తెచ్చాడు. బొటనవేలితో నొక్కితే తెరుచుకునే క్లిప్పులు, ఎస్ ఆకారం కొక్కాలు, తాడుని పళ్ళతో పట్టి బిగించే బిగింపులు.

"రాజమణిబెన్, ఇక ముడులు బంద్," అన్నాడు. ఆయన మాట్లాడేది గుజరాతీ, హిందీ కలిపి; బెన్ అంటే అక్క. నేను తెలుగులో రాస్తున్నాను. "కొత్త ట్రైనర్‌కి ముడి నేర్పడానికి సీజన్ పడుతుంది. దీనికి పది నిమిషాలు చాలు."

ఆ మాటలో నిజం ఉంది. ఆ ఏడు టార్పాలిన్లు తొందరగా లేచాయి. నేనూ సంతోషించాను.

తర్వాత ఒక మధ్యాహ్నం, కొండ మీద గాలి లేచింది. టార్పాలిన్ మూలన ఉండే రింగుకి ఎస్ కొక్కెం తగిలించి ఉంది. తాడు సాగుతుంది, ముడి కాస్త జారుతుంది, గాలి దెబ్బని అవి కొంత తాగుతాయి. ఇనుము తాగదు. దెబ్బంతా రింగు మీద పడింది. గుడ్డ చిరిగి, రింగు ఊడి, మూల విడిపోయింది. రింగుతో పాటే కొక్కెం కూడా ఎగిరి పడిపోయుంటే బాగుండేది. పడలేదు. చిరుగులో చిక్కుకుని, ఆ మూలతో పాటు గాలిలో కొరడాలా తిరగసాగింది. పట్టుకోవడానికి ముందుకెళ్ళింది హస్ముఖ్‌భాయే. కనుబొమ మీద తగిలింది. కన్ను దక్కడం అదృష్టం.

కుట్లు వేయించి జీపులో తెస్తుంటే, తలకి కట్టుతో ఆయనన్న మాట నాకు గుర్తు. "తప్పు కొక్కానిది కాదు బెన్. దాన్ని అక్కడ పెట్టినవాళ్ళది."

అప్పుడు నాకు కోపమొచ్చింది. మొండితనం అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆయన చెప్పిందే సరైన మాట. ముడి మంచిదా, ఇనుము మంచిదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఏది ఎక్కడ అన్నది ప్రశ్న. గాలికి ఏదో ఒకటి లొంగక తప్పదు. గుడ్డ చిరగడమా, తాడు జారడమా, మేకు ఊడడమా అన్నది కట్టేవాళ్ళు ముందే తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే గాలి తేలుస్తుంది.

కోసాడ్‌లో నీడ

కరోనా వచ్చాక క్యాంపులు ఆగిపోయాయి. మొదటి ఏడాదంతా సామాను సచిన్ గోదాములో మూలిగింది. రెండో ఏడు వేసవిలో జబ్బు మా కాలనీ మీద పడింది. మేముండేది కోసాడ్ ఆవాస్ అనే సర్కారు ఇళ్ళలో, మూడో అంతస్తు. మా కిటికీ కింద ఆటస్థలం, దాని పక్కన కమ్యూనిటీ హాలు. ఆ హాల్లో మంచాలు వేసి చిన్న వైద్యశిబిరం పెట్టారు. హాలు నిండిపోయింది. పరీక్షకు వచ్చినవాళ్ళు ఏప్రిల్ ఎండలో నేల మీద కూర్చునేవాళ్ళు. ఊపిరందనివాళ్ళు కూడా.

మూడు రోజులు కిటికీలోంచి చూశాను. నాలుగో రోజు హస్ముఖ్‌భాయ్‌కి ఫోన్ చేశాను. "గోదాము తాళం కావాలి." ఎందుకని అడగలేదు. తానే టెంపోలో టార్పాలిన్లు వేసుకుని వచ్చాడు. దానితో పాటు ఇనుప సంచీ.

శిబిరం చూసుకునే డాక్టర్ శ్రావణ్ నెల్లూరు అబ్బాయి, చదువు అయిపోయి ఎంతో కాలం కాలేదు. "ఆంటీ, నీడ ఒక్కటే కాదు, లోపల చోటు లేదు. బయట కూడా మంచాలు వెయ్యాలి. ఆక్సిజన్ మెషిన్లు పెట్టాలి. మీరు కట్టేది నిలబడుతుందా అండీ?"

"నిలబడేటట్టు కడతా బాబూ," అన్నాను.

హస్ముఖ్‌భాయ్ కొక్కాలు బయటికి తీశాడు. నేను వద్దన్నాను. కింద మంచాల మీద కదల్లేని మనుషులుంటారు, వాళ్ళ తల మీద ఇనుము వేలాడకూడదన్నాను. ఆయన మాస్కు లోపలి నుంచే గట్టిగా అరిచాడు.

"రేపు నువ్వు పడిపోతే? ఇక్కడ అందరూ రెండు జతల గ్లౌజులు వేసుకున్నవాళ్ళే. నీ ముడి ఎవరు విప్పుతారు? ఎవరు కడతారు?"

ఆటస్థలం మధ్యలో, ఆరడుగుల దూరంలో నిలబడి ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. చివరికి కట్టిన పద్ధతి ఇద్దరిదీ. గుడ్డ దగ్గర, అంటే మనుషుల తలల పైన, ఒక్క ఇనుప ముక్క కూడా లేదు. రింగుల్ని నమ్మకుండా, చీర ముక్కల్ని ఉండలా చుట్టి టార్పాలిన్ మూలలో పెట్టి, ఆ మెడ చుట్టూ బిగుసుకోని ఉచ్చు వేశాను. అది చిరగదు, ఊడినా ఎవరికీ దెబ్బ తగలదు. తాడు రెండో చివర స్తంభం దగ్గర, నడుమెత్తున, హస్ముఖ్‌భాయ్ క్లిప్పు, పళ్ళ బిగింపు. చేతికందే చోట, గ్లౌజు వేసుకున్న వేలైనా నొక్కగలిగే చోట. ఆ ఇనుముని గొలుసుతో స్తంభానికే కట్టేశాం. తాడు వదిలితే తాడొక్కటే పోవాలి, ఇనుము వెంట ఎగరకూడదు.

తాళ్ళకు మాత్రం ఇబ్బంది అయింది. దుకాణాలు మూసేశారు. దొరికింది పార్సిళ్ళకు వాడే నున్నటి నైలాన్ తాడు. బిగింపు పళ్ళకి అది కాస్త సన్నం. ఎండలో పట్టుకుంది. వానలో జారుతుందని నాకు భయంగానే ఉంది. అందుకే భూదేవికి లారీ ముడి నేర్పడం మొదలుపెట్టాను.

భూదేవి మా కింది ఇంటావిడ. కాలనీ గేటు దగ్గర సర్వపిండి, మిర్చీలు అమ్మేది. బండి ఆగిపోయాక శిబిరంలో రోగులకు జావ కాచిపోసేది.

"ఏందక్కా, గిది నాతోని అయితదా? నాకు కొంగు ముడే సక్కగ రాదు," అంది.

"నీ కొంగుతోనే నేర్చుకో," అన్నాను. కొంగు చివర పట్టుకుని కిటికీ ఊచకి, మంచం కోడుకి, బండి చక్రానికి వేస్తూ విప్పుతూ ఉండేది. మొదట్లో ప్రతిసారీ మెలిక తిరగబడేది. తిట్టుకుంటూ మళ్ళీ వేసేది.

కిటికీలోంచి

మేలో నాకు జ్వరం వచ్చింది. హస్ముఖ్‌భాయ్ అన్నంతా అయింది. ఇంట్లోనే ఒక గదిలో తలుపేసుకుని పడుకున్నాను. ఆ రోజుల్లోనే సముద్రం మీద తుఫాను పుట్టింది. రేపు గాలులు తగులుతాయని ఫోన్లు మోగాయి.

పొద్దున్నే డాక్టర్ హాల్లో మంచాలు జరిపి, బయటివాళ్ళను లోపలికి తేవడం మొదలుపెట్టాడు. సగం మంది ఇంకా బయటే ఉండగా వాన అందుకుంది. నేను గోడ పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చాను. గాలి ఆటస్థలం వైపు నుంచి హాలు మీదికి కొడుతోంది. కింద మంచాల మీద మనుషులు, పక్కన కరెంటు మెషిన్లు. టార్పాలిన్ అప్పుడే దించకూడదు, దించితే మెషిన్లు తడుస్తాయి. ఎక్కువసేపు ఉంచినా ప్రమాదమే, స్తంభాలు ఆగవు. అందరూ లోపలికి చేరేదాకా నిలవాలి, చేరగానే దిగాలి.

నేను చూస్తుండగానే గాలి వైపు ఒక మూల కుంగింది. తడిసిన నైలాన్ తాడు బిగింపు పళ్ళలోంచి జారుతోంది. గుడ్డ వదులై మధ్యలో నీళ్ళు కడుపులా నిండాయి. భూదేవికి ఫోన్ చేశాను.

"అక్కా, తాడు జారుతుందే! రెండు చేతుల్తోని పట్టుకున్న, అయినా పోతుంది!"

"దాన్ని ఇడువకు. ఇనుము సంగతి ఇగ మర్చిపో. ఫోన్ స్పీకర్ల పెట్టి నడుముల దోపు. డాక్టర్ బాబును పిలువు, తాడు ఆయనను పట్టుకోమను."

శ్రావణ్ పరుగెత్తుకొచ్చి తాడుని నడుం చుట్టూ తిప్పుకుని వెనక్కి వాలాడు. "పట్టుకున్నానండీ! చెప్పండి!"

"భూదేవీ, తాడు కొసను గుంజ చుట్టు తిప్పు. పైన మెలిక ఎయ్, నీ కొంగుకు ఏసినట్లనే."

"గ్లౌజుల్ల చిక్కుతలేదక్కా... రెండు జతలున్నయి..." కొస మళ్ళీ వేళ్ళలోంచి జారిపోయింది. "తీసేస్తున్న."

"వద్దమ్మా, తీయకండి!" అని శ్రావణ్ అరిచాడు.

"సార్, మీరు జర తాడు చూసుకోండ్రి," అంది భూదేవి, గ్లౌజులు పీకి పారేస్తూ.

మొదటిసారి మెలిక తిరగబడింది. పైనుంచి చూస్తున్న నాకు తెలుస్తోంది, చెప్పడానికి దగ్గు అడ్డమొస్తోంది. చెప్పకముందే ఆమె విప్పింది. మళ్ళీ వేసింది. కొస దూర్చి, కాలు స్తంభానికి తన్నిపెట్టి లాగింది. తాడు బిగిసింది. మూల లేచింది. నిండిన నీళ్ళు ఒక్కసారిగా అవతలి అంచు మీదుగా కారిపోయాయి. గాలి వైపు రెండో మూలకూ అదే చేసింది. ఈసారి నేనేమీ చెప్పాల్సి రాలేదు.

శ్రావణ్ చేతులు ఖాళీ అయ్యాయి. మంచాలు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళాయి. చివరి మెషిన్ ప్లగ్ తీసి, గుడ్డ కప్పి, ఇద్దరు మోసుకెళ్ళారు.

"ఇగ దించుదామా?" అంది భూదేవి.

"గాలి దిక్కు ముట్టుకోకు. హాలు దిక్కువి ముందు ఇడువు. క్లిప్పులు నొక్కుడే."

శ్రావణ్ ఒక స్తంభం దగ్గర, ఆమె ఇంకో స్తంభం దగ్గర నిలబడి ఒకేసారి నొక్కారు. రెండు తాళ్ళూ అక్కడికక్కడే ఊడాయి. ఇనుము గొలుసుకి వేలాడుతూ ఉండిపోయింది. టార్పాలిన్ జెండాలా లేచి కొట్టుకుంది. ఒక మూల, చీర ముక్కల ఉండతో సహా, శ్రావణ్ ముఖం మీద చెంపదెబ్బలా తగిలింది. ముఖానికి పెట్టుకున్న ప్లాస్టిక్ కవచం ఎగిరిపోయింది. ఆయన రెండు చేతులతో ముఖం తడుముకున్నాడు. తర్వాత నా కిటికీ వైపు చూసి చెయ్యెత్తి ఊపాడు.

భూదేవి గాలి వైపు ముడుల కొసలు పట్టి లాగింది. రెండూ ఒక్కో లాగుకే విడిపోయాయి. బురదలో పడ్డ గుడ్డ మీద ఆమె, శ్రావణ్, ఇంకో ఇద్దరు వార్డు వాళ్ళు పడుకున్నంత పని చేసి, చుట్టి లోపలికి ఈడ్చారు. నేను మంచం మీద కూలబడ్డాను. గాలి సాయంత్రం దాకా కొట్టింది. కాలనీలో రేకులు లేచిపోయాయి. హాల్లో అందరూ పొడిగా ఉన్నారు.

తర్వాత

భూదేవికి జబ్బు అంటలేదు. అంటి ఉంటే నేనేం రాసేదాన్నో తెలియదు. ఆ నీడలో పడుకున్నవాళ్ళంతా ఇళ్ళకు తిరిగి వెళ్ళలేదు, అది కూడా చెప్పాలి. మా పని వాళ్ళ ప్రాణం నిలపలేదు. ఎండలో, వానలో పోనివ్వలేదు, అంతే. అది చిన్న పని అని నేను అనుకోను.

కొత్తవాళ్ళకు చెప్పేది కొంచెమే. తాడు కొనే ముందు బిగింపు చూడండి, బిగింపు కొనే ముందు తాడు చూడండి. ఒకదానికొకటి పట్టకపోతే రెండూ దండగ. పొడిగా ఉన్నప్పుడు పట్టినదాన్ని తడిపి మళ్ళీ లాగి చూడండి. మీరు కట్టింది మీరు లేనప్పుడు వేరేవాళ్ళు విప్పాల్సి వస్తుందని అనుకునే కట్టండి. ముడి రాకపోయినా ఇనుముతో గడిచిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఇనుము అక్కర్లేదని విర్రవీగేవాణ్ణి అసలే నమ్మకండి, ఆ కొక్కెం దెబ్బ తర్వాత నేను కొన్నేళ్ళు అలా విర్రవీగినదాన్నే.

జ్వరం తగ్గి నేను కిందికి దిగేసరికి టార్పాలిన్ మళ్ళీ లేచి ఉంది. హస్ముఖ్‌భాయ్ కూడా వచ్చాడు, దూరంగా స్కూటరు మీద కూర్చుని చూస్తున్నాడు. నేను గాలి వైపు స్తంభం దగ్గరికెళ్ళి ముడి చూశాను. నేను నేర్పింది కాదది. స్తంభం చుట్టూ ఒక చుట్టు ఎక్కువ ఉంది. మెలిక నేను వేసేదాని కంటే కిందుగా ఉంది.

"గదేందక్కా అట్ల చూస్తున్నవ్? తప్పయిందా?" అంటూ భూదేవి గరిటె పట్టుకునే వచ్చింది. "నున్నటి తాడు గదా, ఒక్క చుట్టు సాలలే. అందుకే ఇంకోటి తిప్పిన."

తాడు పట్టుకుని నా బరువంతా వేసి వేలాడాను. జ్వరంతో చిక్కినా బరువైనదాన్నే. అంగుళం జారలేదు. కొస పట్టి లాగాను. ఒక్క లాగుకి ఊడింది.

"విప్పేశావేం, మళ్ళీ నువ్వే కట్టు మరి," అన్నాడు హస్ముఖ్‌భాయ్.

"భూదేవే కడుతుంది," అన్నాను.

ఆమె గరిటె నా చేతిలో పెట్టి కట్టింది. గరిటె తిరిగిచ్చి, నేను టార్పాలిన్ కిందికి నడిచి, పరీక్షకు వచ్చినవాళ్ళ పక్కన ఒక కుర్చీ దూరంగా జరుపుకుని, జబ్బు పోయిందో లేదో చూపించుకోవడానికి ఆ నీడలో నా వంతు కోసం కూర్చున్నాను.